పంపు మార్చే ముందు

విజయవాడ ఆటోనగర్‌లో ఒకే షెడ్డు కింద ఇద్దరు మెకానిక్‌లు. పెద్దాయన అంబాసిడర్లూ, ప్రీమియర్ పద్మినీలూ విప్పి బిగించి పని నేర్చినవాడు. కుర్రాడు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చేసి, స్కానర్‌తోనూ ల్యాప్‌టాప్‌తోనూ వచ్చినవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాడు. అలాగని బాబాయ్ చెప్పిందల్లా ఒప్పుకోడు. ఇంజెక్షన్ బండిలో పెట్రోలు ప్రెషర్‌ని గేజ్ పెట్టి కొలవాలా, స్కానర్‌లో కనపడే అంకెలు సరిపోతాయా అన్న దగ్గర ఇద్దరికీ ఎప్పుడూ తగాదానే.

ఈసారి తగాదా పెట్టింది పదేళ్లు దాటిన ఓ పెట్రోలు కారు. ఊళ్లో బాగానే తిరుగుతుంది. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కించేసరికి జర్కులు కొడుతుంది, యాక్సిలరేటర్ ఎంత తొక్కితే అంత చచ్చిపోతుంది. యజమాని అప్పటికే వేరేచోట ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్పించాడు. ఫలితం లేదు. కుర్రాడు స్కానర్ తగిలించి రెండు నిమిషాల్లో తేల్చేశాడు.

“పంపు పోయింది బాబాయ్. పి0171 కోడ్ ఉంది, మిశ్రమం పల్చబడిందని. లాంగ్ టర్మ్ ట్రిమ్ ఐడ్లింగ్‌లో ప్లస్ 4, లోడ్ మీద ప్లస్ 14. ట్యాంకు దించి పంపు మార్చేద్దాం.”

“మిశ్రమం పల్చబడిందని చెప్పింది, సరే. ఎందుకు పల్చబడిందో చెప్పిందా?”

“చెప్పక్కర్లేదు, లెక్క కట్టొచ్చు. ఇంజెక్టర్ తెరుచుకున్నంతసేపూ దాంట్లోంచి వెళ్లే పెట్రోలు ప్రెషర్‌కి వర్గమూలం ప్రకారం మారుతుంది. 3 బార్ ఉండాల్సింది 2 బార్‌కి పడితే పెట్రోలు మూడోవంతు తగ్గదు, 18 శాతం తగ్గుతుంది. దాన్ని పూడ్చాలంటే కంప్యూటర్ ఇంజెక్టర్‌ని 22 శాతం ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. అంటే ట్రిమ్ చూసి వెనక్కి లెక్కేస్తే ప్రెషర్ వచ్చేస్తుంది. ప్లస్ 14 అంటే సుమారు 2.3 బార్. ఇంకా పైపు విప్పి చేతులకి పెట్రోలు పూసుకోవడం దేనికి?”

కుర్రాడి లెక్కలో తప్పు లేదు. పెద్దాయన కూడా దాన్ని తప్పనలేదు. ఆయన పట్టుకున్నది ఆ లెక్క కింద ఉన్న పునాదిని.

“ఆ బండి కంప్యూటర్‌కి పెట్రోలు ప్రెషర్ ఎంతుందో తెలుసా?”

తెలియదు. అసలు విషయం ఇక్కడే ఉంది. మన రోడ్ల మీద తిరిగే మామూలు ఎంపీఎఫ్‌ఐ కార్లలో చాలావాటికి ఫ్యూయల్ రైల్ మీద ప్రెషర్ సెన్సార్ ఉండదు. కంప్యూటర్ చేతిలో ఉన్నది ఒక్కటే, ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకోవాలన్నది. వెనక 3 బార్లో, మూడున్నర బార్లో నిలకడగా ఉందని నమ్మి ఆ సమయం నిర్ణయిస్తుంది. పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సార్ ‘గాలి మిగిలింది’ అంటే ఇంకాస్త పోస్తుంది. అలా అదనంగా పోసేదాన్నే ట్రిమ్ అంటారు.

పెద్దాయన నేర్చుకున్న కాలంలో ఈ చిక్కు లేదు. కార్బొరేటర్ బండిలో ఇంజిన్ పక్కనుండే మెకానికల్ పంపు పావు బార్‌కి అటూ ఇటూగా తోసేది. ఫ్లోట్ చాంబర్ నిండితే చాలు, తర్వాత పెట్రోలు ఎంత లాగాలన్నది గాలే చూసుకునేది. 1967లో బాష్ కంపెనీ డి-జెట్రానిక్ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను ఫోక్స్‌వాగన్ 1600 కార్లలో తెచ్చినప్పుడే ప్రెషర్ నిలకడగా ఉండటం ఇంజిన్‌కి ప్రాణమైంది. మన దగ్గరికి అది ఆలస్యంగా వచ్చింది. 1998లో శాంత్రో ఎంపీఎఫ్‌ఐతో దిగింది, ఆ తర్వాత మారుతి 800కీ ఇంజెక్షన్ వచ్చింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అమల్లోకి రావడంతో దాదాపు అన్ని కొత్త స్కూటర్లకీ, మోటార్ సైకిళ్లకీ ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు పడింది. నిన్నటిదాకా కార్బొరేటర్ జెట్టు ఊది బండి స్టార్ట్ చేసిన పల్లెటూరి మెకానిక్ ముందుకి ఇప్పుడు 3 బార్ల ప్రెషర్ వచ్చి కూర్చుంది. గేజ్ మాత్రం రాలేదు.

“నీ ప్లస్ 14కి నేను పంపు కాకుండా ఇంకో మూడు కారణాలు చెప్తా, విను” అన్నాడు పెద్దాయన. “సైలెన్సర్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర చిన్న లీకుందనుకో. బయటి గాలి లోపలికి లాగుతుంది, సెన్సార్‌కి ఆక్సిజన్ ఎక్కువ కనపడుతుంది. కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. నిజానికి మిశ్రమం చిక్కగా ఉంది, నీ స్కానర్ పల్చగా ఉందంటుంది. అదొకటి. గాలి బరువు కొలిచే సెన్సార్ ఉన్న బండ్లలో దాని తీగ మీద దుమ్ము పడితే వచ్చే గాలిని తక్కువగా చెప్తుంది, లోడ్ పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. అచ్చం పంపు పోయినట్టే ఉంటుంది. మూడోది, బంకులో నువ్వు పోయిస్తున్న పెట్రోలే.”

మూడోదాని దగ్గర కుర్రాడు కాస్త ఆగాడు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతా అదే అయింది. ఉత్త పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి 20 శాతం కలిస్తే సుమారు 13.5 కిలోలు చాలు. ఉత్త పెట్రోలుకి లెక్కలు కట్టిన పాత బండిలో ఈ తేడా ఒక్కటే ట్రిమ్‌ని 8 శాతం దాకా పైకి తోస్తుంది. 10 శాతం ఇథనాల్‌కి తయారైన బండయితే 4 శాతం. అందులో పంపు తప్పేమీ లేదు, రెగ్యులేటర్ తప్పూ లేదు. ట్రిమ్ చూసి ప్రెషర్‌ని వెనక్కి లెక్కేసేవాళ్లు ముందు ఈ 4నో 8నో తీసేయాలి. తీసేసేవాళ్లు ఎందరున్నారు?

“ఐడ్లింగ్‌లో 4 ఇథనాల్‌ది అనుకుందాం” అని ఒప్పుకున్నాడు కుర్రాడు. “లోడ్ మీద మిగతా 10 సంగతి? ఈ బండికి గాలి బరువు కొలిచే సెన్సార్ లేదు, మానిఫోల్డ్ ప్రెషర్ చూసేదే ఉంది. సైలెన్సర్ లీకయితే ఐడ్లింగ్‌లో ఎక్కువ కనపడాలి, లోడ్ మీద తగ్గాలి. ఇక్కడ తిరగబడింది. ఇంకోటి, ఫుల్ తొక్కుడు మీద ట్రిమ్ పనిచేయదు, కంప్యూటర్ సెన్సార్ మాట వినడం మానేస్తుంది. అప్పుడు సెన్సార్ వోల్టేజీ 0.8, 0.9 దగ్గర ఉండాలి. ఈ బండిలో 0.2 కంటే కిందికి పడుతోంది. తొక్కినకొద్దీ పెట్రోలు చాలట్లేదు. ఇంత సాక్ష్యం ఉన్నాక గేజ్ దేనికి?”

ఇది గట్టి వాదనే. తెలిసినవాడి చేతిలో స్కానర్ ఎంత దూరం వెళ్తుందో ఇక్కడ కనిపిస్తుంది. గేజ్ పట్టుకున్న ప్రతివాడూ నిపుణుడు కానట్టే, స్కానర్ పట్టుకున్న ప్రతివాడూ కోడ్ చూసి పార్టు మార్చేవాడు కాదు.

కుర్రాడికి ఇంకో అభ్యంతరం కూడా ఉంది, అది భయం. అమెరికన్ కార్లలో చాలావాటికి ఫ్యూయల్ రైల్ మీదే గేజ్ తగిలించే వాల్వ్ ఉంటుంది, టైరు వాల్వ్ లాంటిది. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో చాలావాటికి అది ఉండదు. పైపు ఊడదీసి మధ్యలో టీ జాయింటు వేసి గేజ్ కలపాలి. పదేళ్లు ఇంజిన్ వేడికి ఎండిన ప్లాస్టిక్ క్లిప్పు చేతిలో విరుగుతుంది. పెట్రోలు ఆవిరి మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకునే రకం, పైగా గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. పక్క బేలో వెల్డింగ్ నడుస్తుంటే?

“భయం ఉండాలి. భయం లేనివాడు ఈ పనికి పనికిరాడు” అన్నాడు పెద్దాయన. “అందుకే ముందు పంపు ఫ్యూజు పీకి, ఇంజిన్ తనంతట తాను ఆగిపోయేదాకా నడపాలి. ఆగాక ఇంకోసారి సెల్ఫ్ కొట్టాలి. లైనులో ప్రెషర్ దిగిపోతుంది. తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. జాయింటు కింద గుడ్డ పరిచి, మీద ఇంకో గుడ్డ కప్పి నెమ్మదిగా విప్పాలి. వేడి ఇంజిన్ మీద విప్పకూడదు. పక్కన డ్రై పౌడర్ సిలిండర్ ఉండాలి, వెల్డింగ్ ఆపించాలి. కొత్త క్లిప్పు, కొత్త ఓ-రింగు ముందే తెచ్చి పెట్టుకోవాలి. పంపు మార్చాలన్నా ఆ లైను విప్పకుండా కుదురుతుందా? అప్పుడు లేని భయం కొలిచేటప్పుడే ఎందుకు?”

దీనికి కుర్రాడి దగ్గర జవాబు లేదు. గేజ్ తగిలించారు.

తాళం తిప్పగానే పంపు రెండు సెకన్లు గుర్రుమని ఆగింది, ముల్లు 3 బార్ దగ్గర నిలబడింది. ఇంజిన్ స్టార్ట్ చేశారు, 3 బార్. నిలబెట్టి రేజ్ ఇచ్చారు, 3 బార్. కుర్రాడు పెద్దాయన వంక చూశాడు. గేజ్ ప్రకారం జబ్బే లేదు!

చాలా గ్యారేజీల్లో పరీక్ష ఇక్కడితో ముగుస్తుంది. ‘ప్రెషర్ ఓకే’ అని రాసేసి కాయిల్స్ మీద పడతారు. అపార్ట్‌మెంటులో కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పైపులో ఒత్తిడి బాగానే ఉంటుంది, నాలుగు ఫ్లాట్ల వాళ్లు ఒకేసారి తిప్పితేనే అసలు సంగతి బయటపడుతుంది. నిలబడి రేజ్ ఇచ్చిన ఇంజిన్ తాగే పెట్రోలు, ఘాట్ ఎక్కుతూ తాగేదాంట్లో చిన్న వాటా. పంపు బలం తేలేది ఆ రెండో చోటే.

గేజ్‌కి పొడుగు గొట్టం వేసి, బానెట్ సందులోంచి బయటికి తీసి, ముందు అద్దం మీద బయటివైపున టేపుతో అంటించారు. లోపల పెట్టరు. గొట్టం ఊడితే పెట్రోలు మనుషుల మీద పడుతుంది. పెద్దాయన స్టీరింగ్ పట్టాడు, కుర్రాడు పక్కన కూర్చుని స్కానర్ చూశాడు. ఎత్తు మొదలయ్యాక మూడో గేరులో తొక్కేసరికి ముల్లు 2.6కి, మలుపు దాటేలోగా 2 బార్‌కి దిగింది. అదే క్షణంలో స్కానర్‌లో సెన్సార్ వోల్టేజీ పడిపోయింది. వాదించుకుంటున్న రెండు పరికరాలూ ఒకే మాట చెప్పాయి.

“చూశావా? ఇప్పుడు మార్చు పంపు” అన్నాడు పెద్దాయన కిందికి దిగాక.

ఈసారి కుర్రాడు ఒప్పుకోలేదు.

“ప్రెషర్ పడిందని మీ గేజ్ చెప్పింది. ఎందుకు పడిందో చెప్పిందా?”

పెద్దాయన అడిగిన ప్రశ్నే ఆయనకి తిరిగొచ్చింది. వెనక సీటు ఎత్తి, పంపు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టాడు కుర్రాడు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టులు, పంపు దగ్గర 11. మధ్యలో 3 వోల్టులు ఎక్కడో పోతున్నాయి. పంపు ఎర్త్ వైరు నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి కొలిస్తే రెండున్నర పైనే చూపించింది. బాగున్న బండిలో అక్కడ అర వోల్టు కూడా ఉండకూడదు. వైరు పట్టుకుని పోతే బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు కింద తుప్పు. గీకి, కొత్త లగ్ వేసి బిగించాక పంపు దగ్గర 13.7 వచ్చింది. మళ్లీ ఘాట్ ఎక్కించారు. ముల్లు 2.9 కిందికి దిగలేదు. జర్కు లేదు.

స్కానర్ మాట విని పంపు మార్చినా, గేజ్ మాట విని పంపు మార్చినా, కొత్త పంపూ 11 వోల్టుల మీదే తిరిగేది. కొన్నాళ్లు కాస్త మెరుగ్గా లాగి, మళ్లీ అదే ఘాట్ మీద ఆగేది. అప్పుడు ‘డూప్లికేట్ పంపు వేశారు’ అన్న తగవు లేచేది. ఆటోనగర్‌లో ఇలాంటి తగవులు కొత్త కాదు. ప్రెషర్ పడిందంటే పంపు పోయిందని కాదు. ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, పైపు నొక్కుకుపోయి ఉండొచ్చు, రెగ్యులేటర్ కారుతుండొచ్చు, రిలే పాయింట్లు కాలి ఉండొచ్చు, ట్యాంకు అడుగున నీళ్లు చేరి ఉండొచ్చు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు ఓ మోతాదు మించితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకి దిగుతాయి. పంపు లాగేది అడుగు నుంచే.

పెద్దాయన ఇంకో పాత సంగతి ఎత్తాడు. రిటర్న్ పైపు ఉండి, రెగ్యులేటర్‌కి వాక్యూమ్ గొట్టం ఉన్న పాత తరం బండ్లది. ఓ చోట అలాంటి బండికి గేజ్ పెట్టారట, ఐడ్లింగ్‌లో రెండున్నర బార్ చూపించిందట, పుస్తకంలో 3 అని ఉందని పంపు మార్చేశారట. కొత్త పంపుతోనూ అదే రెండున్నర. అది జబ్బు కాదు, దాని నడతే అంత. ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్ లోపల వాక్యూమ్ ఉంటుంది, అది ఇంజెక్టర్ ముక్కు దగ్గర పెట్రోలుని లాగుతుంది. ఆ లాగుడుకి సరిపడా రెగ్యులేటర్ ప్రెషర్ తగ్గించి, ఇంజెక్టర్‌కి అటూ ఇటూ తేడాని ఎప్పుడూ ఒకేలా ఉంచుతుంది. వాక్యూమ్ గొట్టం పీకి మూసిపెడితే ముల్లు ఎగిరి 3 మీద కూర్చోవాలి. కూర్చుంటే రెగ్యులేటర్ బాగున్నట్టే. ఆ గొట్టం లోపల పెట్రోలు తడి కనపడితే డయాఫ్రమ్ చిరిగినట్టు.

“రిటర్న్ లేని బండ్లలో రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉంటుంది కదా బాబాయ్, వాక్యూమ్‌తో సంబంధమే లేదు. ఆ తేడా కంప్యూటర్ లెక్కేసుకుంటుంది. ఏ బండి ఏ రకమో తెలియకుండా గేజ్ పెడితే మీరు చెప్పినవాళ్లలాగే అవుతుంది.”

“అందుకేగా ముందు మాన్యువల్ చూడమనేది.”

ఇంజిన్ ఆపాక చేసే పరీక్ష దగ్గర మాత్రం ఇద్దరూ కలిశారు. పొద్దున్నే బండి రెండు మూడుసార్లు సెల్ఫ్ కొడితేగానీ అంటుకోదు, తాళం రెండుమూడు సార్లు తిప్పి ఆగి కొడితే వెంటనే అంటుకుంటుంది. ఇలాంటి ఫిర్యాదుకి స్కానర్‌లో కోడ్ ఏమీ ఉండదు. గేజ్ ఉంచి ఇంజిన్ ఆపి పది నిమిషాలు చూడాలి. ముల్లు కొంచెం దిగి నిలబడితే సరే. గబగబా సున్నాకి వస్తుంటే పెట్రోలు ఎటో పోతోంది. రబ్బరు పైపులున్న చోట, తాళం తిప్పి ప్రెషర్ ఎక్కించి, ట్యాంకు నుంచి వచ్చే లైను మూసి చూస్తే ముల్లు ఆగిందంటే పంపులోని చెక్ వాల్వ్ కారుతోంది. రిటర్న్ మూస్తే ఆగిందంటే రెగ్యులేటర్. రెండు మూసినా దిగుతూనే ఉంటే ఏదో ఇంజెక్టర్ సిలిండర్‌లోకి చుక్కలు కారుస్తోంది. ఈ చివరిదాన్ని వదిలేయకూడదు, కారే పెట్రోలు ఇంజిన్ ఆయిల్లోకి దిగి దాన్ని పల్చన చేస్తుంది.

డీజిల్ మాట వచ్చేసరికి వాదన పూర్తిగా కుర్రాడి వైపు తిరిగింది. 1997లో ఆల్ఫా రోమియో 156తో కార్లలోకి వచ్చిన కామన్ రైల్‌లో ప్రెషర్ 1350 బార్, ఇప్పుడు 2000 దాటినవీ ఉన్నాయి. 2007లో స్విఫ్ట్ డీజిల్ వచ్చినప్పటి నుంచి మన ఊళ్లలోనూ ఇవి మామూలయ్యాయి. ఇక్కడ గేజ్ తగిలించే ప్రశ్నే లేదు. ఇంజిన్ నడుస్తుండగా హై ప్రెషర్ పైపు నట్టు వదులు చేస్తే వచ్చే సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్క గాయంలా ఉంటుంది, గంటల్లో వేలు పోయే ప్రమాదం. వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాల్సిన గాయం అది. పాత డీజిల్ ఇంజిన్ల మీద ఒక్కో పైపూ వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయట్లేదో పట్టే అలవాటున్న మెకానిక్‌లు ఇది గుర్తుపెట్టుకోవాలి. కామన్ రైల్‌కి సెన్సార్ ఉంటుంది, కంప్యూటర్ అడిగిన ప్రెషర్, నిజంగా వచ్చిన ప్రెషర్ రెండూ స్కానర్‌లో పక్కపక్కనే కనపడతాయి. పెద్దాయన దీనికి ఎదురు చెప్పలేదు. ట్యాంకు నుంచి హై ప్రెషర్ పంపుదాకా ఉన్న తక్కువ ప్రెషర్ లైనుకి మాత్రం తన గేజ్ కావాలన్నాడు. అదీ న్యాయమే.

కారు యజమాని వచ్చాక అసలైన తగాదా మొదలైంది. పెద్దాయన బిల్లులో లగ్, క్లిప్పు, ఓ-రింగు ధరలు వేసి, కూలీ కింద చిన్న మొత్తం రాశాడు. కుర్రాడు పెన్ను పట్టుకుని ఆపాడు.

“టెస్టింగ్‌కి ఏం రాశారు?”

“టెస్టింగ్‌కి డబ్బులేంట్రా? జబ్బు వెతకడం మన పని.”

“పంపు మార్చుంటే పంపు మీద మార్జిన్ వచ్చేది, ట్యాంకు దించిన కూలీ వచ్చేది. వేలల్లో బిల్లు, ఎవరూ నోరెత్తరు. ఇప్పుడు ఇద్దరం సగం రోజు ఘాట్ చుట్టూ తిరిగి ఆయన వేలు మిగిల్చాం, మనకి వంద మిగిలింది. గేజ్ రెండు మూడు వేలకే దొరుకుతుంది, ఆటోనగర్‌లో కొనలేనివాళ్లు లేరు. అయినా ఎందుకు పెట్టరంటే, కొలిచినందుకు ఎవరూ డబ్బులివ్వరు, మార్చినందుకు ఇస్తారు.”

ఈ మాటలో నిజం ఎక్కువే. పరీక్షకి విలువ కట్టని చోట పార్టులే అమ్ముడవుతాయి. డాక్టరు రాసిన రక్తపరీక్షకి మారుమాట్లాడకుండా డబ్బు కట్టే మనిషే, మెకానిక్ ప్రెషర్ చూసినందుకు అడిగితే ‘చూసినందుకా?’ అంటాడు. ఆ ప్రశ్న పోవాలంటే చూసింది కాగితం మీదికి రావాలి. ఐడ్లింగ్‌లో ఎంత, లోడ్ మీద ఎంత, ఆపాక పది నిమిషాలకి ఎంత, పంపు దగ్గర ఎన్ని వోల్టులు. నాలుగు అంకెలు. మళ్లీ ఎప్పుడైనా అదే బండి వస్తే పోల్చి చూసుకోవడానికి కూడా అవే పనికొస్తాయి.

పెద్దాయన కాసేపు గునిసి, జాబ్ కార్డు మీద ఆ నాలుగు అంకెలూ తనే రాశాడు. బిల్లులో ‘ప్రెషర్ టెస్ట్’ అని ఒక లైను కలిపాడు. యజమాని ఆ అంకెలు చదివి, 2 ఎలా 2.9 అయిందో చెప్పించుకుని, డబ్బు కట్టి వెళ్లాడు. ఆ లైనులో వేసిన మొత్తం మరీ తక్కువని కుర్రాడు ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. ఊళ్లో అందరికీ అలవాటయ్యేదాకా అంతకు మించి రాయనని పెద్దాయనా పట్టు వదల్లేదు.